నాలుగో తరగతి కిరణం

కాలేజీ క్వార్టర్స్,
జూన్ 3

దుర్భిణికి,

పార్సిల్ చూసి కంగారుపడకు. అందులో ఉన్నవి మూడు పుస్తకాలే. మోసుకొచ్చిన మనిషి నడుము పట్టేసి ఉంటే ఆ పాపం నల్ల అట్ట పుస్తకానిది.

సంగతేమిటంటే, మా పాలిటెక్నిక్‌లో ఈ ఏడు ఆప్టిక్స్, ఫోటానిక్స్ డిప్లొమా మొదలుపెడుతున్నారు. నీలాగా వర్క్‌షాపుల్లో పనిచేస్తూ చదువుకోవాలనుకునే వాళ్ల కోసం. నీడ ఎందుకు పడుతుందన్న దగ్గర మొదలై, కటకాలు, లేజర్లు, గాజు తీగలో వార్త పంపడం దాకా ఒకే పుస్తకంలో రావాలి. ఆ పుస్తకాన్ని ఎంచే కమిటీలో ఐదుగురం. గడువు ఆగస్టు ఇరవై. ఒకసారి ఎంచితే చదివేవాళ్లు పదేళ్లు దానితోనే కాపురం చెయ్యాలి.

మా చైర్మన్ గారికి నల్ల అట్టది కావాలి. తొమ్మిది వందల పేజీలు. మొదటి పేజీలోనే నాలుగు సమీకరణాలు నిలబెట్టి "ఇవి తెలిసినవే కదా" అంటాడు రాసినాయన. ఎవరికి తెలిసినవి? పుస్తకం అర్థం కాకపోతే చదువు గొప్పదని, అర్థమైతే నాసిరకమని వీళ్ల నమ్మకం. చదువు గుమ్మంలో అడ్డంగా పడుకునే ఈ కాపలా బుద్ధి మీద ముప్పై ఏళ్లుగా అరుస్తున్నాను. నా గొంతు పోయింది, గుమ్మం మాత్రం ఖాళీ కాలేదు. పసుపు అట్టది పెళ్లి ఆల్బమ్. అన్నీ రంగుల బొమ్మలు, ఒక్క లెక్క లేదు. ఆకుపచ్చ అట్టది నా మనసుకి పట్టింది. గాజుగ్లాసు, నీళ్లు, అద్దం ముక్క ఉంటే చాలు ప్రయోగం చెయ్యొచ్చు. అధ్యాయం చివర లెక్కలు, వెనక జవాబులు. ఒక్కటే లోపం. జాగ్రత్తల అధ్యాయాన్ని నాలుగు వందల పన్నెండో పేజీలోకి, అనుబంధంలోకి తోసేశారు.

నువ్వు రోజూ లేజర్ యంత్రం పక్కనే ఉంటావు. మా ఐదుగురిలో ఒక్కరూ దాన్ని ముట్టుకుని ఎరగరు, నాతో సహా. మూడూ మన భాషలో ఉన్నవే. చదివి, ఎక్కడ ఆగిపోయావో రాయి. మొహమాటపడకు. ఫోన్లో అయితే "బాగున్నా వదినా, పన్లో ఉన్నా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతేనే నోరు విప్పుతావు.

పదేళ్ల కిందట పనివాళ్ల కోసం నేను అనువదించిన చిన్న పుస్తకం మీ వర్క్‌షాపులో ఇంకా ఉందా, చిత్తుకాగితాల్లోకి పోయిందా?

మీ అన్నయ్య అడిగానని రాయమన్నాడు. చెల్లెలికి నువ్వే రాయొచ్చు కదా అంటే నవ్వాడు. మీ ఇంట్లో మగవాళ్ల అక్షరాస్యత అంతే.

వదిన


వర్క్‌షాపు వెనక గది,
జూన్ 19

వదినా,

పార్సిల్ తెచ్చినాయన నడుము బాగానే ఉంది. నల్ల అట్టను పొట్ట మీద పెట్టుకుని చదివాను కాబట్టి పోయింది నా పొట్టే.

నల్లది మూడో పేజీలో ఆగిపోయాను. నిజం చెప్పాలంటే రెండో పేజీలోనే ఆగాను, మర్యాదకి ఇంకోటి తిప్పాను. పసుపుది గంటలో అయిపోయింది. మూసేశాక ఏం చదివానో ఒక్క ముక్క గుర్తు లేదు. ఆకుపచ్చది చదువుతూ, వాళ్లు చెప్పినట్టు గ్లాసులో నీళ్లు పోసి పెన్సిల్ ముంచాను. విరిగినట్టు కనపడుతుందని నాకూ తెలుసు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఎందుకో మాత్రం ఇప్పుడు తెలిసింది. తెలిశాక చాలాసేపు ఆ గ్లాసు ముందే కూచున్నాను. ఇన్నాళ్లూ ఎవరూ నాకెందుకు చెప్పలేదని కొంచెం కోపం కూడా వచ్చింది. నీ గాలి సోకినట్టుంది.

నీ చిన్న పుస్తకం యంత్రం పక్కన మేకుకి తాడుతో వేలాడుతోంది. అట్ట ఊడింది. నేను మూడుసార్లు చదివాను. మా వదిన పుస్తకం అని అందరితో చెప్తాను. ఎవరూ నమ్మరు.

ఒక తమాషా చెప్పనా. మా యంత్రం మీద స్టిక్కరు ఉంటుంది. ఎర్ర చుక్క రెండో తరగతి లేజరట, గుర్తు ఎక్కడ పడాలో చూపిస్తుంది. అసలు లోహాన్ని చెక్కే కిరణం నాలుగో తరగతి అట, కంటికి కనపడదట. చూశావా, కాంతిలో కూడా మా బాపతు ఉంది. ఎర్ర చుక్కగారు ఆఫీసరు, వేలు పెట్టి చూపిస్తారు. నాలుగో తరగతి వాడు ఎవరి కంటా పడకుండా పనంతా చేస్తాడు.

నేనూ ఆ తరగతిలోంచి బయటపడదామని చూస్తున్నాను. సెప్టెంబరులో ఆపరేటర్ పరీక్ష ఉంది. రాత పరీక్ష, ఆ తర్వాత కంటి పరీక్ష. కంటి పరీక్షకి నాకు దిగుల్లేదు, ఊరికే పెట్టారా నాకు దుర్భిణి అని పేరు. నెగ్గితే పదకొండేళ్ల తర్వాత చేతిలో తుడుపుగుడ్డ కింద పెట్టి యంత్రం ముందు కూర్చుంటాను. అందుకని నీ కమిటీని తొందరగా తేల్చమను. రాతకి చదవడానికి నాకూ ఒక పుస్తకం కావాలి.

నీ మరదలు


కాలేజీ క్వార్టర్స్,
జులై 1

దుర్భిణికి,

నీ ఎర్ర చుక్కగారిని స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాను. లైబ్రరీ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వింది. నేనూ పడీపడీ నవ్వాను. చైర్మన్ గారు మాత్రం "పనివాళ్లకి ఇంత లోతు ఎందుకండీ, మీట నొక్కడం తెలిస్తే చాలదా" అన్నారు. "మీకు హాజరుపట్టీలో సంతకం చెయ్యడం వస్తే చాలదా, పాఠం చెప్పడం ఎందుకు" అన్నాను. తర్వాత టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు.

ఆకుపచ్చకి నాది, లైబ్రరీ మేడమ్‌ది రెండు ఓట్లు. నల్లదానికి రెండు. మిగిలింది డ్రాయింగ్ మాస్టారు. ఆయన ఎవరు చివర మాట్లాడితే వాళ్ల పక్షం. అందుకని చివర మాట్లాడేది నేనే కావాలి. నాకు నీ మాటలు కావాలి. ఆకుపచ్చలో కటకాల అధ్యాయం చదివి రాయి. ముప్పై ఎనిమిదో పేజీలో తిన్నటి గీతలతో ఒక గళ్ల బొమ్మ ఉంది. దాని మీద భూతద్దం పెట్టి చూడమంటాడు. అది చేసి, ఏం కనపడిందో రాయి.

వదిన


వర్క్‌షాపు వెనక గది,
జులై 22

వదినా,

పని వల్ల ఆలస్యమైంది.

ఆకుపచ్చ పుస్తకం వద్దు. అచ్చు బాగాలేదు. ఆ గళ్ల బొమ్మ తిన్నగా ఉంటుందన్నావు. మధ్యలో గీతలు లోపలికి లాగినట్టు వంగిపోయి ఉన్నాయి. భూతద్దం పెట్టకముందే. కొన్నిచోట్ల మాట మధ్యలో అక్షరాలు మింగేశారు. ఇలాంటి అచ్చుతో చదివితే తలనొప్పి వస్తుంది. పసుపుదే తీసుకోండి. అక్షరాలు పెద్దవి.

పరీక్ష గురించి అడగొద్దు. అన్నయ్యకి నేను బాగున్నానని చెప్పు.

నీ మరదలు


కాలేజీ క్వార్టర్స్,
జులై 29

దుర్భిణికి,

ముందు నేను చేసిన ఘనకార్యం విను. నీ ఉత్తరం పట్టుకుని సోమవారం కమిటీలో నిలబడ్డాను. పనివాళ్లకి వంకర గీతలు, మింగేసిన అక్షరాలు చాలనుకున్నారా అని ప్రచురణకర్తను చీల్చి చెండాడాను. నాకు నచ్చిన పుస్తకాన్ని నా నోటితోనే కొట్టేయించాను. డ్రాయింగ్ మాస్టారు తలూపాడు. చైర్మన్ గారు నాకు మొదటిసారి కుర్చీ లాగి వేశారు.

ఇంటికొచ్చి నా ప్రతి తీసి ముప్పై ఎనిమిదో పేజీ మీద స్కేలు పెట్టాను. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. మర్నాడు లైబ్రరీ మేడమ్ ప్రతి చూశాను. తిన్నగా ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు.

అప్పుడు నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పరిచాను. జూన్‌లో రాసినది గీతల్లేని కాగితం మీద కూడా దారం పట్టి రాసినట్టుంది. జులైలో రాసినది ప్రతి వరసా మధ్యకొచ్చేసరికి కిందికి జారి మళ్లీ లేచింది. అందులో ఒక్క జోకు లేదు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి నీ దగ్గర్నుంచి జోకు లేని ఉత్తరం నాకు రాలేదు.

తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఈ ఉత్తరం కింద పెట్టి ఆ పేజీ తియ్యి. ఎడమ కన్ను చేత్తో మూసి చూడు. తర్వాత కుడి కన్ను మూసి చూడు. పరీక్షకి పనికొచ్చే జవాబు నాకు అక్కర్లేదు. ఉన్నది రాయి. రాసేలోపే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లు. పోస్ట్ అందాలని తొందర తొందరగా రాస్తున్నాను, నా వరసలు కూడా తిన్నగా లేవు, చూడు.

వదిన


వర్క్‌షాపు వెనక గది,
ఆగస్టు 4

వదినా,

కుడి కంటితో తిన్నగానే ఉన్నాయి. ఎడమ కంటితో వంగాయి. నువ్వు చెప్పక ముందే నాకు తెలుసు. పుస్తకం మీద నింద వేస్తే ఆ నింద నిజమైపోతుందేమోనని చూశాను.

జులై 11న జరిగింది. కటకం కింద ఉండే గాజు మీద మసి పడితే తుడిచేది నేనే. పక్క తలుపు తీసి తల లోపలికి పెట్టి తుడవాలి. ఆ తలుపు తీస్తే యంత్రం దానంతటదే ఆగాలి, దానికో మీట ఉంది. పని ఆగకూడదని ఆ మీటని రెండేళ్ల కిందటే తీగతో కట్టేశారు. ఎర్ర చుక్క ఆరిపోయి ఉంది. అది ఆరితే యంత్రం నిద్రపోయినట్టే అనుకున్నాను. సూపర్‌వైజర్ అటువైపు కంప్యూటర్ దగ్గర ఉన్నాడు. నేను లోపల ఉన్నట్టు చూడలేదు. యంత్రం నడిపే బటన్ నొక్కాడు. కింద మెరిసే పలక ఉంది, కిరణం దాని మీద పడి నా కంటికే తిరిగొచ్చి ఉండాలి. తలలో టక్‌మని ఏదో చిటికేసినట్టయింది. వెలుగు కనపడలేదు, నొప్పి లేదు. కాసేపటికి ఎటు చూస్తే అటు మధ్యలో గోధుమరంగు మచ్చ. అది ఇప్పటికీ పోలేదు. మనిషి మొహం చూస్తే చెవులు కనపడతాయి, ముక్కు కనపడదు.

కంటికి రక్షణ అద్దాలు పెట్టుకోలేదా అని అడుగుతావు. ఒకటే జత ఉంది. చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ల కోసం బీరువాలో పెడతారు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్తాను, కోప్పడకు. నాలుగో తరగతి కదా అని. నేను నీకు రాసింది జోకు కాదు వదినా, నిజంగానే అలా అనుకున్నాను. ఆఫీసులో ఒకటో తరగతి అంటే పెద్ద దొర, నాలుగో తరగతి అంటే నేను. కాంతిలో కూడా అంతే, నాలుగోది బలహీనమైనదనుకున్నాను. నీ చిన్న పుస్తకంలో పన్నెండో పేజీ మళ్లీ చూశాను. "లేజర్లను నాలుగు తరగతులుగా విభజిస్తారు" అని ఉంది. అక్కడితో పేజీ అయిపోయింది.

నిన్ను అనడం లేదు. ఎందుకు భయపడలేదని నువ్వు అడుగుతావని చెప్తున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ముందు కంటి పరీక్ష పోతుంది, తర్వాత యంత్రం దగ్గర పని పోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే కాగితం పుడుతుంది. కాగితం పుడితే ఆఫీసుకి చేరుతుంది.

నీ మరదలు


కాలేజీ క్వార్టర్స్,
ఆగస్టు 8

దుర్భిణికి,

మీ అన్నయ్య గురువారం అక్కడుంటాడు. నువ్వు వద్దన్నా కంటి ఆస్పత్రికి తీసుకెళ్తాడు. ఈ ఒక్క విషయంలో నీతో వాదన లేదు.

నీ ఉత్తరం చదివి మొదట రెండు పేజీల తిట్లు రాశాను. తీగ కట్టిన చేతిని, రెండేళ్లు దాన్ని చూస్తూ ఊరుకున్న కళ్లని, తుడిచే మనిషికి కాకుండా చూసే మనిషికి అద్దాలు దాచిపెట్టిన బీరువాని తిట్టాను. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ ఆ పేజీలు చించేశాను. ఎందుకంటే అవి రాస్తున్నంతసేపూ నేను పన్నెండో పేజీ తియ్యకుండా తప్పించుకుంటున్నాను.

"తరగతి" నా మాట. అనువాదం చేసేటప్పుడు "ప్రమాద స్థాయి" అందామా అని ఒక పూట ఆలోచించి, పొడుగ్గా ఉందని మానేశాను. అసలు పుస్తకంలో ఆ వాక్యం కింద పట్టిక ఉంది. ఒకటి నిరపాయం, నాలుగు అన్నిటికంటే ప్రమాదం, గోడ మీద పడి తిరిగొచ్చిన కిరణం కూడా కన్ను తీస్తుందని. పేజీలు ఎక్కువయ్యాయన్నారు, నేనే ఆ పట్టిక తీసేశాను. తరగతి అంటే ఎవరికి తెలీదు అనుకున్నాను. నాకు తెలుసు కదా. నల్ల అట్ట రాసినాయన "ఇవి తెలిసినవే కదా" అన్నాడని ఎగిరిపడ్డాను. నేను చేసిందీ అదే.

మనుషుల్ని ఒకటి, రెండు, మూడు, నాలుగని మెట్లమీద నిలబెట్టి, అట్టడుగున ఉన్నవాళ్లకి నాలుగు అంకె తగిలించిన లోకంలో బతుకుతూ, దాని మీద ఉపన్యాసాలు ఇస్తూ, ఆ అంకె నీ చెవికి ఎలా వినపడుతుందో ఒక్కసారి ఆలోచించలేదు. పైగా నువ్వు నీ అపార్థాన్ని ఉన్నదున్నట్టు నాకు రాసి పంపావు. మూడు వారాల ముందే పంపావు. నేను దాన్ని స్టాఫ్‌రూమ్‌లో చదివి నవ్వించాను. చదువుకున్న వాళ్లం ఐదుగురం విన్నాం. ఒక్కరికీ అందులో ప్రమాదం వినపడలేదు.

డాక్టర్ ఏమన్నాడో అదే రోజు రాయి.

వదిన


వర్క్‌షాపు వెనక గది,
ఆగస్టు 16

వదినా,

అన్నయ్య గురువారం పొద్దున్నే వచ్చాడు. ఆస్పత్రిలో నా సంచీ తనే పట్టుకున్నాడు.

ఎడమ కంటి లోపల మధ్యలో కాలిన మచ్చ ఉందట. చుట్టూ ఉన్న వాపు తగ్గితే కొంత చూపు రావొచ్చు, మచ్చ ఉన్నచోట మాత్రం రాదు అన్నాడు. కుడి కన్ను చక్కగా ఉంది.

భయపడ్డట్టే కాగితం ఆఫీసుకి చేరింది. ఇవాళ పొద్దున విచారణ పెట్టారు. సూపర్‌వైజర్ అబద్ధం ఆడలేదు. అదే కష్టంగా ఉంది. "స్టిక్కరు ఉంది, పుస్తకం వేలాడదీశాం, ఆమె చదివింది కూడా, నాలుగో తరగతి అని మాతో జోకులు వేసేది, తెలిసీ తల పెట్టింది" అన్నాడు. రిపోర్టులో నిర్లక్ష్యం అని రాస్తారట. ఆ మాట పడితే ఆపరేటర్ పరీక్షకి రానివ్వరు, గుడ్డ పట్టుకునే పని కూడా ఉండదు. నేను తీగ సంగతి చెప్పాను. రాసుకున్నారు. పుస్తకంలో ఏది పెద్దదో లేదని చెప్పాను. "పుస్తకం రాసినవాళ్లకి తెలీదా, నీకు తెలుసా" అన్నారు. ఇరవై నాలుగున మళ్లీ కూర్చుంటారు.

ఆ పుస్తకం మీద నీ పేరుంది. పుస్తకం తప్పని నువ్వు రాసిస్తే వింటారేమో. కానీ అలా రాస్తే మీ కమిటీలో ఆ చైర్మన్ నిన్ను బతకనివ్వడు, నాకు తెలుసు. నువ్వు రాయకపోయినా నాకు కోపం రాదు. ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చించాను. అందుకని ఇది ఎంత నిజమో నువ్వే చూసుకో.

నీ మరదలు


కాలేజీ క్వార్టర్స్,
ఆగస్టు 20

దుర్భిణికి,

విచారణ వాళ్లకి పంపిన ఉత్తరం నకలు ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఈ పుస్తకం నేను అనువదించాను. 'తరగతి' అన్న మాట నాది. ఏ తరగతి ప్రమాదమో చెప్పే పట్టికను తీసేసింది నేను. పన్నెండో పేజీ చదివిన మనిషికి నాలుగు పెద్దదో చిన్నదో తెలిసే దారి లేదు. ఆమె నిర్లక్ష్యంగా లేదు. ఆమె మూడుసార్లు చదివింది. చదివినదాన్ని నమ్మింది. నిర్లక్ష్యం అన్న మాట రాయాల్సి వస్తే మీటకి తీగ కట్టిన వాళ్ల పేరు పక్కన, నా పేరు పక్కన రాయండి."

అచ్చులో తప్పేమీ లేదు, ఆకుపచ్చని మళ్లీ ఓటుకి పెట్టండని అడిగి, దీన్నే ఈ మధ్యాహ్నం కమిటీలో చదివాను. చైర్మన్ గారు చాలా మెల్లగా అడిగారు, "మరి మీ పుస్తకంలోనే ఇంత తప్పుంటే మీరు ఇంకొకరి పుస్తకం ఎలా ఎంచుతారమ్మా" అని. న్యాయమైన ప్రశ్న అన్నాను. ఓటు వదులుకున్నాను. వదులుకునే ముందు నీ జూన్ ఉత్తరం మళ్లీ చదివాను, ఈసారి నవ్వించడానికి కాదు. గ్లాసు, పెన్సిల్ దగ్గర మొదలుపెట్టి, ఎర్ర చుక్కగారి దగ్గర ఆపాను. తర్వాత మీ గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోండని ముప్పై ఎనిమిదో పేజీ అందరికీ తిప్పి, బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను.

మూడు, ఒకటి. ఆకుపచ్చ నెగ్గింది. చివర మాట్లాడింది నేను కాదు, నువ్వు. డ్రాయింగ్ మాస్టారే ఒక షరతు పెట్టాడట. నాలుగు వందల పన్నెండో పేజీలోని జాగ్రత్తల అధ్యాయాన్ని విడిగా అచ్చువేసి మొదటి పేజీకి ముందు అతికించాలని.

ఇరవై నాలుగు ఎలా గడుస్తుందో తెలియడం లేదు. మీ అన్నయ్య గేటు దగ్గరే నిలబడి ఉంటున్నాడు, పోస్ట్ వచ్చేది పదకొండింటికని తెలిసి కూడా.

వదిన


వర్క్‌షాపు వెనక గది,
అక్టోబరు 2

వదినా,

నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశారని ఫోన్లో చెప్పాను కదా, ఆ కాగితం ఇప్పుడు నా చేతికొచ్చింది. కొట్టేసిన గీత కింద మాట ఇంకా కనపడుతూనే ఉంది. మీటకి తీగ తీసేశారు. అద్దాలు బీరువాలోంచి మేకు మీదకొచ్చాయి, నీ చిన్న పుస్తకం పక్కకి. పన్నెండో పేజీ చివర ఖాళీలో నేనే పెన్నుతో రాశాను: "ఇక్కడ నాలుగు అంటే పెద్దది. ఆఫీసులో లాగా కాదు." సూపర్‌వైజర్ చదివాడు. చెరపలేదు.

రాత పరీక్ష నెగ్గాను. నీ ఆకుపచ్చ పుస్తకం పుణ్యం. కంటి పరీక్ష ఆపి ఉంచారు. ఒక కంటితో యంత్రం ముందు కూర్చోనివ్వొచ్చా అని పైవాళ్లకి రాశారట. జవాబు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అప్పటిదాకా గుడ్డ నా చేతిలోనే ఉంది. తుడిచే ముందు యంత్రం తాళంచెవి తీసి జేబులో వేసుకుంటున్నాను. దొరగారు ఎర్ర చుక్క ఆరినా సరే.

డాక్టర్ రోజూ పొద్దున ఏదైనా గళ్ల కాగితం చూడమన్నాడు. నేను ముప్పై ఎనిమిదో పేజీ పెట్టుకున్నాను. కుడి కన్ను మూసి, ఎడమ కంటికి గీతలు ఎక్కడ వంగాయో అక్కడ పల్చటి కాగితం వేసి పెన్సిల్‌తో గీస్తాను. ఆగస్టు చివర గీసింది, నిన్న గీసింది, రెండూ ఇందులో పెడుతున్నాను. నిన్నటి వంపు కొంచెం తగ్గినట్టు నా కుడి కంటికి అనిపిస్తోంది. కానీ అది నా తరఫు కన్ను, నాకు కావలసిందే చెప్తుంది. నువ్వు స్కేలు పెట్టి చూడు. తగ్గకపోతే తగ్గలేదనే రాయి.

నీ మరదలు
దుర్భిణి